మాటలు ఫ్రీ అయిన రోజులు

మేడ్చల్‌లో సీసాల మూతలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ క్లర్కుగా పనిచేసేవాణ్ణి. నిజానికి అక్కడ నాకు రెండు ఉద్యోగాలు. మొదటిదానికి జీతం ఇచ్చేవారు. రెండోది, ఏ సిమ్ తీసుకుంటే లాభమో, ఏ కార్డు వేయించుకుంటే నష్టమో నలుగురికీ చెప్పడం. మొదటి ఉద్యోగంలో నేనున్నట్టు గుర్తించినవాళ్లు తక్కువ. రెండోదాంట్లో మాత్రం నా పేరు సీసాకు మూతలా బిగుసుకుంది. సూరారం నుంచి షిఫ్టుకు వచ్చే మిషన్ ఆపరేటర్లు క్యాంటీన్‌లో నా పక్కన చోటు కోసం చూసేవారు. టిఫిన్ డబ్బా తెరవకముందే ఫోన్ బయటికి తీసేవారు.

"సారూ, గా కొత్త కార్డేస్తే మస్తు మినిట్లొస్తయంటున్రు. నిజమేనా?"

"వస్తయి. పొద్దుగాల ఏస్తే పొద్దుగూకేటాల్లకు పోతయి."

అది 2009 చివర. అప్పటిదాకా పాత కంపెనీలు నిమిషం లెక్కన డబ్బు తీసుకునేవి. అయిదు సెకన్లు మాట్లాడి పెట్టేసినా నిమిషం పోయినట్టే. అప్పుడు కొత్త కంపెనీలు గుంపుగా దిగి, నిమిషాన్ని సెకన్లుగా చిల్లర మార్చి ఇచ్చాయి. మేడ్చల్ డిపో ముందు, పేట్ బషీరాబాద్‌లో హైవే పక్కన, రంగురంగుల గొడుగులు లేచాయి. ఒక్కో గొడుగు కింద ఒక బల్ల, బల్ల మీద సిమ్ముల కట్ట. పది రూపాయలకు సిమ్, అందులో పది రూపాయల టాక్‌టైమ్. అంటే సిమ్ ఊరికే వచ్చినట్టు. ఒక కంపెనీ తన నంబర్ల మధ్య ఫ్రీ అనేది. ఇంకొకటి రాత్రి పదకొండు దాటాక ఫ్రీ అనేది. మూడోది, ఎస్టీడీ కూడా లోకల్ రేటే అనేది. లైఫ్‌టైమ్ వ్యాలిడిటీ అని రాసి అమ్మిన సిమ్ములు కూడా ఉండేవి. ఎవరి లైఫో రాయలేదు. తర్వాత చూస్తే వాటిలో కొన్నింటికి మన కంటే ముందు కంపెనీయే పోయింది.

ఈ పాండిత్యం నాకు ఊరికే అబ్బలేదు. మా అన్న కోసం అబ్బింది.

అన్న నాకంటే అయిదేళ్లు పెద్ద. శామీర్‌పేట దగ్గర రోడ్డు వార భూమి కౌలుకు తీసుకుని మొక్కల నర్సరీ పెట్టి, వదినతో అక్కడే చిన్న రేకుల ఇంట్లో ఉండేవాడు. నేను మేడ్చల్‌లో నాయినతో ఉన్నాను. మాకు ఒక చెల్లె, సూరారంలో. నర్సరీకి వెళ్లిన కొత్తలో అన్న వారానికోసారి ఇంటికి వచ్చి, గడప మీద కూర్చుని, ఆ వారం ఏ మామిడి అంటు అంటుకుంది, ఏది మాడింది, ఫామ్‌హౌస్ కొనుక్కున్న పట్నం పెద్దమనిషి ఏమడిగాడు, అన్నీ చెప్పేవాడు. 'నీళ్లు పొయ్యక్కర్లేని చెట్టున్నదా' అని అడిగిన ఒకాయనను అనుకరించి చూపిస్తుంటే నాయిన దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు.

2009 ఎండాకాలం మొదట్లో నాయిన పోయాడు. ఆ తర్వాత అన్న రావడం తగ్గింది. ఫోన్ చేస్తే నాలుగు ముక్కలు: "ఆ. చెప్పు. సరే. ఉంట." ఈ నాలుగింటి మధ్యలో నేను పట్టినన్ని మాటలు ఇరికించేవాణ్ణి, కదిలే బస్సులోకి సామాను విసిరినట్టు.

అన్నకు నా మీద కోపం ఉందేమోనని నాకు తట్టలేదు. కాల్ చార్జీల మీద కోపం అనుకున్నాను. ఫ్యాక్టరీలో ప్రతివాడి బాధా అదే కాబట్టి మా ఇంటి బాధా అదే అయి ఉంటుందని నమ్మాను. మాట ఖరీదైంది కాబట్టి అన్న మాట్లాడటం లేదు, మాటను చవక చేస్తే మాట్లాడతాడు. అన్న మళ్లీ మునుపటిలా నాతో మాట్లాడాలి. నాకు కావలసింది అంతే. దానికి తగిన ప్లాన్ ఎక్కడో ఒక గొడుగు కింద దొరుకుతుందనుకున్నాను.

2010లో ఒక ఆదివారం చొక్కా జేబులో నాలుగు కంపెనీల సిమ్ములు వేసుకుని బండి మీద శామీర్‌పేట బయలుదేరాను. ఏది ఎక్కడిదాకా అందుతుందో చూడటం నా ఉద్దేశం. మేడ్చల్ దాటగానే ఒకటి పడిపోయింది. గౌడవెల్లి రైల్వే గేటు వేసి ఉంటే బండి ఆపి, ఫోన్ వెనక మూత ఊడదీసి, బ్యాటరీ తీసి, రెండో సిమ్ పెట్టబోయాను. బ్యాటరీ జారి కంకరలో పడింది. గడ్డిమోపు పక్కన పెట్టుకుని గేటు కోసం చూస్తున్న ఒకామె జాలిపడింది.

"ఏమైంది తమ్మీ, ఫోన్ నీళ్లల్ల వడ్డదా?"

"లేదక్కా. టవర్ జూస్తున్న."

"టవర్ గాడున్నది గదా." ఆమె పొలాల అవతల నిలబడ్డ ఇనుప టవర్ వైపు చెయ్యి చూపించింది. "దానికి ఫోన్ ఎందుకు ఇప్పుకునుడు?"

అన్నిటికంటే చవక సిమ్‌కు నర్సరీలో సిగ్నలే లేదు. రెండో చవకది నర్సరీ గేటు దగ్గర మూడు గీతలు, ఇంట్లో రెండు గీతలు చూపించింది. ఆ కంపెనీలో నెలకో చిన్న కార్డు వేయించుకుంటే దాని నంబర్ల మధ్య ఎంత మాట్లాడినా ఫ్రీ. నేను ఏదో కనిపెట్టినవాడిలా గేటు నుంచి లోపలికి నడిచి వెళ్లాను.

"ఎందుకురా గివన్ని," అన్నాడు అన్న. "ఉన్న సిమ్ము మంచిగనే ఉన్నది."

"గిది ఫ్రీ అన్నా. నువ్వు, నేను, వదిన, చెల్లె, నీ మరదలు. మన అయిదు నంబర్లల్ల ఎంతసేపు మాట్లాడినా పైస కట్ కాదు."

"ఎంతసేపైనా?" అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "గంతసేపు మాట్లాడేటోనివా నువ్వు?"

జోక్ వేశాడనుకుని నవ్వాను. అన్న నవ్వలేదు. తను నవ్వకుండా జోక్ వేసే మనిషి కదా అని సరిపెట్టుకున్నాను. వదిన లోపలికి వెళ్లి ఇద్దరి ఫోటోలు, రేషన్ కార్డు జిరాక్సులు తెచ్చి ఇచ్చింది. వారంలో అయిదు సిమ్ములూ పనిచేయడం మొదలుపెట్టాయి.

ఫ్రీని మా ఇంట్లో ఆడవాళ్లు అందుకున్నంత బాగా మేం అందుకోలేదు. నా భార్య, వదిన అంతకుముందు పండగకో పబ్బానికో మాట్లాడుకునేవారు. ఇప్పుడు పొద్దున పొయ్యి వెలిగించగానే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బియ్యం డబ్బాకు ఆనించేవారు. అక్కడా అంతే, ఇక్కడా అంతే. ఇక మాట్లాడాలన్న రూలేమీ లేదు. ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. గిన్నెల చప్పుడు, తాలింపు చప్పుడు, కోడిని తోలే చప్పుడు, అన్నీ ఇటూ అటూ వినపడేవి.

"అక్కా, మీ కుక్కర్ మూడు కూతలేసింది, దించుకో," అని మేడ్చల్‌లో ఉన్న నా భార్య శామీర్‌పేటలో అన్నం మాడకుండా చూసేది.

"అయ్యో, సూస్కోనే లేదు. పువ్వులు తెంపుతున్న," అనేది వదిన.

ఎర్ర బటన్ నొక్కడం ఇద్దరూ మర్చిపోయారు. సెకన్లకు భయపడే రోజుల్లో అందరం బొటనవేలు ఆ బటన్ మీదే పెట్టుకుని మాట్లాడేవాళ్లం. ఇప్పుడు లైను దానంతట అది తెగితేనే తెగినట్టు. మా రెండు ఇళ్ల మధ్య గోడ తీసేసినట్టు ఉందని నేను ఫ్యాక్టరీలో చెప్పుకుని మురిసిపోయాను. ఆ ప్లాన్ నా సలహా మీద ఎంతమంది తీసుకున్నారో.

అన్న మాత్రం మారలేదు. "ఆ. చెప్పు. సరే. ఉంట." ఫ్రీ అయినా అవే నాలుగు ముక్కలు. సిగ్నల్ సరిగా లేదేమో అనుకున్నాను. హ్యాండ్‌సెట్ పాతదేమో అనుకున్నాను. వేరే కంపెనీ శామీర్‌పేటలో కొత్త టవర్ వేస్తోందని తెలిసి, దాని రేట్లు కూడా కనుక్కొచ్చాను. రెండేళ్లు ఇలాగే నడిచింది. తప్పు ప్లాన్‌లో ఉంది, దిద్దుకోవచ్చు అనే నమ్మకం చాలా సుఖమైనది. దాన్ని పోగొట్టుకోవడానికి నేను తొందరపడలేదు.

2012 వానాకాలం. ఆదివారం మధ్యాహ్నం. చినుకులు మొదలైతే నా భార్య బట్టలు తేవడానికి మేడ మీదికి పరుగెత్తింది. నేను మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్ ఆన్‌లోనే ఉంది. అటువైపు అన్న గొంతు.

ముందు నాకు సంతోషమే వేసింది. అన్న పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నాడు. నేనెరిగిన పాత గొంతు. గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

వదిన అంటోంది: "గిరాకీలు చెట్ల ఫోటోలు ఫోన్ల పంపుమంటున్రు గదా. నెట్ కార్డు ఏదేసుకోవాల్నో మరిదినడుగరాదు."

"వాన్నెందుకు అడుగుడు? వాని లెక్కలు వాడు జూస్కుంటడు. నాయిన పోయిన నాడు గూడ లెక్కనే జూస్కున్నడు."

"ఏం లెక్క?"

"తెల్లారంగనే ఫోన్ జేసిండు. 'అన్నా, నాయిన పోయిండు' అన్నడు. 'నన్నడిగిండారా' అని నేనింకా అడుగుతనే ఉన్న. కట్ జేసిండు. నిమిషం దాటుతదని."

"గట్లెందుకు జేస్తడు? టవర్ వోయిందేమో."

"టవర్ పోవుడు, బాలెన్స్ పోవుడు మన అసొంటోల్లకు. వానికి తెల్వకుండ వాని ఫోన్ కట్ అయితదా?"

మెట్ల మీద నా భార్య అడుగుల చప్పుడు వినిపించింది. ఫోన్ అందుకుని ఎర్ర బటన్ నొక్కాను. అన్న చెప్పిన రోజున కాదు గానీ, ఈ రోజున మాత్రం నిజంగా నేనే కట్ చేశాను.

నాయిన పోయిన ఆ పొద్దున ఏం జరిగిందంటే, నా భార్య పుట్టింట్లో ఉంది. ఇంట్లో నేనూ నాయినా మాత్రమే. రాత్రంతా ఆయాసం. ముందురోజే రీచార్జ్ చేయించాల్సింది, ఆయన పక్కనుంచి లేవలేక మానేశాను. తెల్లవారుతుండగా నాయిన కళ్లు తెరిచి, "పెద్దోడొచ్చిండా?" అన్నాడు. వస్తున్నడని అబద్ధం చెప్పాను. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు. కాంపౌండర్‌కు ఫోన్ చేశాను, ఆటో అతనికి చేశాను. వాళ్లు వచ్చేలోగానే అయిపోయింది. ముందు చెల్లెకు చేశాను. వినగానే అది ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తున్న మనిషి ఫోన్ ఎలా పెట్టేయాలో ఏ కంపెనీ నేర్పలేదు. వింటూ నిలబడ్డాను. ఆ తర్వాత అన్నకు చేశాను. నాయిన పోయిండు అన్నాను. అటు నుంచి "నన్న..." అన్నంతవరకే వినిపించింది. లైను పోయింది. తెర మీద బాలెన్స్ సున్నా అని మెసేజ్.

పక్కింటివాళ్ల ఫోన్ అడిగి తెచ్చి మళ్లీ చేశాను. ఎత్తలేదు. అప్పటికే బండెక్కి ఉంటాడు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆ సగం ప్రశ్నను మోసుకుంటూ వచ్చి ఉంటాడని నాకేం తెలుసు. వచ్చేసరికి ఇంటి నిండా జనం. నాయిన అడిగిన మాట చెప్పాలనిపించింది. అడిగినప్పుడు తను లేడే అని ఇంకా కుమిలిపోతాడని ఆపుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను. అన్న సరిగ్గా ఆ ఒక్క మాట కోసమే మూడేళ్లుగా నోరు మూసుకుని ఉన్నాడని నాకు బియ్యం డబ్బా దగ్గర తెలిసింది.

తర్వాతి ఆదివారం నర్సరీకి వెళ్లాను. అన్న చింతచెట్టు నీడలో కూర్చుని నల్ల కవర్లలో ఎర్రమన్ను నింపుతున్నాడు. కొంచెం దూరంలో వదిన గులాబీ మొక్కలకు నీళ్లు పోస్తోంది.

"అన్నా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

"నాయిన నిన్నడిగిండు."

మన్ను తీస్తున్న చెయ్యి ఆగింది.

"పానం పోయే ముందుగాల. 'పెద్దోడొచ్చిండా' అన్నడు. మల్ల గూడ అడిగిండు."

అన్న కవరు కింద పెట్టాడు. నా ముఖం చూశాడు. నమ్ముతున్నాడో లేదో తెలియలేదు. కళ్లు తడి అయినట్టే ఉన్నాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అన్న తెలివైనవాడు.

"గిప్పుడెందుకు చెప్తున్నవ్? నేను గిది అనుకుంటున్ననని ఎవలన్నరు నీకు?"

"ఎవలనలే. ఇన్న."

"ఏడ?"

"మొన్న ఆదివారం. వదిన ఫోన్ చాలూనే ఉండె."

అన్న తల తిప్పి వదిన వైపు చూశాడు. ఆమె చేతిలో పైపు అలాగే ఒక మొక్క మీద పారుతూ ఉండిపోయింది.

"అచ్చా. గందుకేనా ఫ్రీ సిమ్ములు పంచినవ్? ఎవల ఇంట్ల ఏం మాట్లాడుకుంటున్రో ఇనేటందుకు?"

"గట్ల కాదన్నా. ఆ నాడు నేను కట్ జెయ్యలే. బాలెన్స్ అయిపోయింది."

అన్న నవ్వాడు. మూడేళ్లలో నా ఎదుట నవ్వడం అదే మొదలు.

"బాలెన్స్. నీకు. ఊరోల్లందరి ఫోన్ల ఎంతున్నదో చెప్పేటోనివి, నీ ఫోన్ల అయిపోయిందా? ఇంకెవలన్నా చెప్తే నమ్ముదునురా."

"నిజమన్నా. ముందుగాల చెల్లెకు జేసిన. అది ఏడుస్తాంటే పెట్టేసుడు మనసొప్పలే. గాడికే అయిపోయింది. గావాలంటే చెల్లెనడుగు."

సాక్ష్యం చూపిస్తే గెలుస్తామని చదువుకున్నవాళ్లకు ఒక భ్రమ ఉంటుంది. అన్న తల ఊపాడు, లెక్క తేలినట్టు.

"మంచిది. చెల్లెకున్న బాలెన్స్ నాకు లేకపాయె."

వదిన దగ్గరకు వచ్చింది. "ఆయినె నిజమే చెప్తున్నడేమోనయ్యా. ఎందుకు అబద్ధమాడుతడు?"

"నువ్వూకో. ముందు నీ ఫోన్ బందయ్యిందా లేదా చూస్కో." మళ్లీ నా వైపు తిరిగాడు. "మూడేండ్లు ఏడవోయిందిరా గీ మాట? నేనన్నది ఇన్నవ్, దానికి సరిపోయేటట్టు తయారుజేసి తెచ్చినవ్. మామిడికి అంటు గట్టినట్టు నా మాటకు నీ మాట గట్టినవ్. నాయిననెందుకు తెస్తవ్ నడిమిట్ల?"

నాకు మాటలతో ఆడుకోవడం ఇష్టం. ఆ రోజు అన్న వాడిన మాట నేను వాడినవాటన్నిటికంటే బాగుంది.

"ఇంట్ల బువ్వున్నది. తిని పో," అని అన్న మళ్లీ కవర్లు నింపడం మొదలుపెట్టాడు. మనిషిని అవమానించినా ఆకలితో పంపని ఇల్లు మాది. తిన్నాను. వదిన ఎదురుగా కూర్చుని, వడ్డించినప్పుడల్లా ఏదో అనబోయి, గోడకు వేలాడుతున్న ఫోన్ సంచి వైపు చూసి మానేసింది.

రుజువు కోసం ఒకసారి నా పాత కంపెనీ ఆఫీసుకు కూడా వెళ్లాను. పేట్ బషీరాబాద్‌లో, హైవే మీద, అద్దాల తలుపు, లోపల చల్లగా. కౌంటర్లో ఉన్న అమ్మాయికి చెప్పాను: 2009లో నా నంబర్ నుంచి ఒక పొద్దున చేసిన కాల్స్ వివరం కావాలి.

"ప్రీపెయిడ్‌కు అంత పాత డీటెయిల్స్ ఉండవు సర్. ఎందుకు, బాలెన్స్ తప్పుగా కట్ అయిందా?"

"కరెక్టుగానే కట్ అయిందమ్మా. అది కరెక్టుగా కట్ అయిందని చూపించాలి."

ఆ అమ్మాయి నన్ను ఇంకోసారి చూసింది. డబ్బు వెనక్కి అడిగేవాళ్లను చూసి ఉంటుంది గానీ, సరిగానే పోయిందని రాసిమ్మనేవాణ్ణి చూసి ఉండదు. ఆ తర్వాత తన పని గుర్తొచ్చి, "సర్, ఇప్పుడు మా దగ్గర కొత్త నెట్ ప్యాక్ ఉంది. మీరు నెట్ వాడతారా?" అంది. పాంప్లెట్ ఇచ్చింది. తీసుకున్నాను. ఇంటికొచ్చి మిగతా కంపెనీల ప్యాక్‌లతో పోల్చి కూడా చూశాను. అలవాటు అలాంటిది. ఇల్లు కాలుతున్నా బకెట్ ఏ షాపులో చవకో నాకు గుర్తొస్తుంది.

తర్వాత మా ఇంట్లో ఎర్ర బటన్ మళ్లీ పనిలోకి వచ్చింది. నా భార్య, వదిన మాట్లాడుకోవడం మానలేదు గానీ, ఫోన్ చెవికి ఆనించుకుని, ఒక చేత్తో నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు. స్పీకర్ లేదు. కుక్కర్ కూతలు ఎవరివి వాళ్లే లెక్కపెట్టుకున్నారు. ఫ్రీ మాత్రం అలాగే ఉంది. నెలనెలా కార్డు నేనే వేయించేవాణ్ణి.

2013లో ఆ ఫ్రీ కంపెనీ మా వైపు దుకాణం ఎత్తేసింది. వేరే కంపెనీకి మారిపొమ్మని, నంబరు మాత్రం అదే ఉంటుందని మెసేజ్‌లు వచ్చాయి. ఫ్యాక్టరీలో నా ముందు వరస కట్టారు. మావాళ్లలో ఎవరూ అడగలేదు. చెల్లె తన భర్త వాడుతున్న కంపెనీలోకి వెళ్లింది. అన్న, వదిన కలిసి ఒకదాంట్లోకి వెళ్లారని నా భార్య చెప్పింది. అది ఏదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా రెండు ఇళ్ల మధ్య సెకన్లు మళ్లీ డబ్బుకు నడవడం మొదలైంది. ఆడవాళ్ల మాటలు మళ్లీ పండగకో పబ్బానికో తగ్గాయి.

ఆ ఏడాదే చెల్లె పెద్ద ఫోన్ కొనుక్కుని, మెసేజ్‌ల యాప్‌లో మా అందరినీ కలిపి ఒక గ్రూపు పెట్టింది. దానికి 'మన ఇల్లు' అని పేరు. పొద్దున్నే వదిన గులాబీల ఫోటో పెట్టేది, నర్సరీవి, మంచు చుక్కలతో సహా. అన్న ఏమీ పెట్టేవాడు కాదు. నేను ఒకరోజు ఏ నెట్ ప్యాక్ ఎన్నాళ్లు వస్తుందో అయిదు వరసలు రాసి పెట్టాను. నిజానికి అది అన్న కోసం రాసింది. సాయంత్రం చూస్తే అన్న గ్రూపు వదిలి వెళ్లినట్టు చిన్న అక్షరాల్లో ఒక వరస వచ్చి ఉంది. దాని కింద వదిన మర్నాడు ఎప్పటిలాగే గులాబీ పెట్టింది.

2014 బోనాలకు చెల్లె అందరినీ సూరారం పిలిచింది. వాళ్ల ఇరుకు వీధిలో డప్పుల చప్పుడుకు ఎవరి మాట వాళ్లకే వినపడటం లేదు. మధ్యాహ్నం మేడ మీద షామియానా కింద భోజనాలు. చెల్లె కావాలనే చేసిందో, ఖాళీ అక్కడే ఉందో, నా పక్క కుర్చీలో అన్నను కూర్చోబెట్టింది. రెండేళ్లుగా మా మధ్య తలలు ఊపుకోవడం తప్ప ఇంకేమీ లేదు. నేను ఆకులో మటన్ ముక్కల వైపు చూస్తూ కూర్చున్నాను.

"తమ్మీ," అన్నాడు అన్న.

నేను అటు తిరిగాను.

"గీ నెట్ కార్డులల్ల ఏది మంచిగున్నదిరా? శామీర్‌పేటల."

కొత్త ఫోన్ జేబులోంచి తీసి చూపించాడు. గిరాకీలకు ఫోటోలు పంపాలి, వీడియోలు కూడా అడుగుతున్నారు, వేసిన ప్యాక్ వారంలోనే అయిపోతోంది. చెప్తున్నంతసేపూ గొంతులో ఏమీ లేదు. బస్టాండులో బస్సు ఎప్పుడొస్తుందని అడిగే మనిషి గొంతు.

నేను చెప్పాను. ఏ కంపెనీకి నర్సరీ వైపు టవర్ ఉంది, ఏది అక్కడ టూజీ మాత్రమే ఇస్తుంది, నెల ప్యాక్ మేలా, మూడు వారాలది మేలా. వీడియోలు వాటంతటవి డౌన్‌లోడ్ కాకుండా ఎక్కడ నొక్కాలో అన్న ఫోన్‌లోనే చూపించాను. అక్కర్లేని ప్యాక్‌ల గురించి కూడా చెప్పాను, అవి ఎందుకు అక్కర్లేదో చెప్పాను. అన్న మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ మంచి ప్రశ్నలు. వాటికి ఎంత పెద్ద జవాబు ఇవ్వొచ్చో అంత పెద్దది ఇచ్చాను. నాయిన పోయాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మాట ఆగితే ఇంకో మాట దొరకదని నాకు తెలుసు. దొరికిన ప్యాక్‌లన్నీ అయిపోయేదాకా చెప్పాను.

"గంతేనా?" అన్నాడు అన్న.

"గంతే. గా మొదాలు చెప్పినదే ఏస్కో. నీకు గదే సరిపోతది."

అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కొంచెంసేపు తిన్నాడు. తర్వాత అటు తిరిగి, తన రెండో పక్కన తింటున్న మనిషిని, చెల్లె వాళ్ల వీధిలో కిరాణా కొట్టు పెట్టుకున్నాయనను, ఇందాక నన్ను అడిగిన మాటలతోనే అడిగాడు. శామీర్‌పేటల నెట్ కార్డు ఏది మంచిగున్నదని. నేను పక్కనే ఉన్నాను. వినపడకూడదని గొంతు తగ్గించలేదు, వినపడాలని పెంచనూ లేదు.

కిరాణా ఆయన నోట్లో ముద్ద మింగి, కాసేపు ఆలోచించి, నేను చెప్పిన కార్డే చెప్పాడు. తన బామ్మర్ది అటువైపే ఉంటాడని, అదే వాడతాడని కూడా చెప్పాడు.

"అయితె గదే ఏస్కుంట," అని అన్న ఆయనతో అన్నాడు.